నాడీకణంలో మిగిలిపోయిన ముద్దలు: ప్రోటీన్ విచ్ఛిత్తి చరిత్ర



యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో మాట్లాడమన్నారు కనుక ఆయన ఇచ్చిన మందుల గురించి చెబుతానని మీలో చాలామంది అనుకుని ఉంటారు. ఈరోజు వాటి జోలికి పోను. భీమవరంలో పుట్టిన ఆ మనిషి, హార్వర్డ్ వైద్యకళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరం నుంచి ఏటీపీని వేరుచేసి 1929లో ప్రకటించారు. జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా అదే ఏడాది విడిగా దాన్ని కనుగొన్నారు. కణం పనులకు ఖర్చయ్యే శక్తి చాలావరకు ఈ ఏటీపీ నుంచే వస్తుంది. ఆ శక్తి జమాఖర్చుల్లో ఎంతకూ పొసగని ఒక పద్దు ఉండేది. నేను చెప్పబోయే చరిత్ర ఆ పద్దుదే.

ఆ పద్దుతో తర్వాత ముడిపడిన మెదడు రోగాలు మాత్రం అంతకు ముందే కంటబడ్డాయి. 1906లో ట్యూబింగెన్‌లో జరిగిన వైద్యుల సభలో అలోయిస్ ఆల్జైమర్, మతి తప్పి మరణించిన ఒక స్త్రీ మెదడులో తాను చూసిన చిక్కుపడ్డ పోగుల గురించి చెప్పారు. 1912లో ఫ్రీడ్రిక్ లెవీ పార్కిన్సన్ రోగుల నాడీకణాల్లో ముద్దలను వర్ణించారు. వాటిలో ఉన్నదేమిటో, ఎందుకు పేరుకున్నదో చెప్పగల రసాయనశాస్త్రం అప్పటికి లేదు.

ఒంట్లోని ప్రోటీన్ ఒకసారి కట్టుకున్నాక దాదాపు అలాగే నిలిచి ఉంటుందనీ, తిన్న తిండి ఇంధనంగా ఖర్చయి బయటికి పోతుందనీ 1930ల దాకా నమ్మేవారు. నాజీల జర్మనీ విడిచి న్యూయార్క్ చేరిన రుడోల్ఫ్ షోన్‌హైమర్ ఆ నమ్మకాన్ని పడగొట్టారు. బరువైన నత్రజనితో గుర్తుపెట్టిన అమైనో ఆమ్లాలను ఎలుకలకు తినిపిస్తే, వాటి బరువు మారకపోయినా ఆ నత్రజనిలో పెద్ద భాగం ఒంటి ప్రోటీన్లలోకి చేరింది. అంటే పాతవి విరుగుతున్నాయి, కొత్తవి కూడుతున్నాయి. ఆయన 1941లోనే పోయారు. తర్వాత రెండు మూడు దశాబ్దాలు ప్రపంచం చూపంతా ప్రోటీన్ ఎలా తయారవుతుందన్న ప్రశ్న మీదే నిలిచింది. ఎలా విరుగుతుందని అడిగినవారు తక్కువ.

అడిగిన ఆ కొద్దిమందిలో మెల్విన్ సింప్సన్ ఒకరు. కాలేయపు ముక్కల్లో ప్రోటీన్ విరగడానికి శక్తి ఖర్చవుతోందని 1953లో చూపారు. పొసగని పద్దు ఇదే. మన పేగుల్లో మాంసం, పప్పు అరిగేటప్పుడు ఎంజైములకు ఏటీపీ అక్కర్లేదు. బంధం తెగితే శక్తి విడుదల కావాలి గానీ, తెంచడానికి శక్తి పెట్టాల్సిన పనేమిటి? రెండేళ్లకు బెల్జియంలో క్రిస్టియన్ డి డూవ్ లైసోజోమ్‌ను కనుగొన్నారు. ఎంజైములు నిండిన సంచి అది. విచ్ఛిత్తి రహస్యమంతా అందులోనే ఉందని చాలామంది సమాధానపడ్డారు. అయితే ఇంకా పక్వం కాని ఎర్ర రక్తకణాల్లో లైసోజోమ్‌లు లేకున్నా, చెడ్డ ప్రోటీన్లు చకచకా విరిగిపోయేవి. 1977లో ఎట్లింగర్, గోల్డ్‌బర్గ్ ఆ కణాల సారంలోనే ఈ పనిని చూపి, దానికి ఏటీపీ తప్పదని తేల్చారు. సుబ్బారావు గారు పనిచేసిన హార్వర్డ్ వైద్యకళాశాలలోనే ఇది జరగడం నాకు ఇప్పటికీ పులకింతే.

మిగతా కథ హైఫాలోని టెక్నియాన్‌లో, ఫిలడెల్ఫియాలో నడిచింది. అవ్రామ్ హెర్ష్‌కో, ఆయన విద్యార్థి ఆరన్ చీహనోవర్ ఆ సారాన్ని రెండు భాగాలు చేశారు. విడివిడిగా ఏదీ పనిచేయలేదు. కలిపితే పనిచేసింది. అందులో కావలసిన అంశం, కాచినా చెడని ఒక చిన్న ప్రోటీన్. ఫిలడెల్ఫియాలోని ఇర్విన్ రోజ్ ప్రయోగశాలలో 1980 నాటికి దాని సంగతి తేలింది: 76 అమైనో ఆమ్లాల ఆ యుబిక్విటిన్, విరగాల్సిన ప్రోటీన్‌కు తానే గట్టిగా అతుక్కుంటుంది. మూడు రకాల ఎంజైములు వరసగా పనిచేసి ఆ గుర్తు వేస్తాయి. గుర్తు పడ్డ ప్రోటీన్‌ను ప్రోటియాజోమ్ అనే పీపాలాంటి యంత్రం విప్పి, ముక్కలు చేస్తుంది. గుర్తు వేయడానికీ, మడతలు విప్పడానికీ ఏటీపీ కావాలి. ఏది ఉండాలో ఏది పోవాలో ఎంచుకోవడానికి కణం చెల్లించే మూల్యం అది. ఈ ముగ్గురికీ 2004లో నోబెల్ వచ్చింది. వారు ఏ జబ్బునూ దృష్టిలో పెట్టుకుని మొదలుపెట్టలేదని విద్యార్థులు గమనించాలి.

ఆ పరిజ్ఞానమే 1980ల చివర రోగనిర్ధారణ శాస్త్రవేత్తల చేతికి వచ్చింది. యుబిక్విటిన్‌ను పట్టే ప్రతిదేహాలతో పరీక్షిస్తే ఆల్జైమర్ చూసిన పోగులు, లెవీ చూసిన ముద్దలు రెండూ రంగు పట్టాయి. మొదటిసారి ఆ చిత్రాలు చూసిన వారి మనఃస్థితి నేను ఊహించుకోగలను. పారవేయాలని కణం గుర్తు వేసింది, కానీ పారవేయలేకపోయింది. మూడు పాతికల ఏళ్లు మూగగా ఉన్న ముద్దలు మొదటి సాక్ష్యం చెప్పాయి. 1997లో లెవీ ముద్దల్లోని ప్రధాన పదార్థం ఆల్ఫా సైన్యూక్లీన్ అని తెలిసింది. 1998లో జపాన్ శాస్త్రవేత్తలు, చిన్న వయసులోనే వచ్చే పార్కిన్సన్‌కు కారణమైన పార్కిన్ జన్యువును పట్టుకున్నారు. అది యుబిక్విటిన్ గుర్తు వేసే ఎంజైమే అని 2000లో బయటపడింది.

విచ్ఛిత్తికి రెండో దారి లైసోజోమ్‌ది. పెద్ద ముద్దలు ప్రోటియాజోమ్ సన్నని నోట్లో పట్టవు. కణం వాటిని పొరతో చుట్టి లైసోజోమ్‌కు అప్పగిస్తుంది. ఆటోఫేజీ అనే ఈ ప్రక్రియకు కావలసిన జన్యువులను ఈస్ట్‌లో యోషినోరి ఓసుమి 1990ల మొదట్లో వెలికితీశారు. ఆయనకు 2016లో నోబెల్ వచ్చింది. 2006లో జపాన్‌లో రెండు బృందాలు ఎలుకల నాడీకణాల్లో మాత్రమే ఆ జన్యువులను తీసేశాయి. ఏ చెడు ప్రోటీన్‌నూ చేర్చలేదు. అయినా ముద్దలు పేరుకున్నాయి, కదలికలు చెడ్డాయి, కణాలు చనిపోయాయి. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అత్యంత బలమైన ప్రయోగం ఇదే. చర్మకణాలు విభజన చెందుతూ చెత్తను పంచుకోగలవు. నాడీకణం విభజన చెందదు, మనతోపాటు ఎనభై ఏళ్లు బతకాలి. కొన్నింటి తోక మీటరు పొడవు. కొసన పోగైన చెత్త చాలావరకు అంతదూరం ప్రయాణిస్తేగాని విరగదు.

ముద్దే నేరస్థుడా అంటే, నేను అవునని చెప్పను. ముద్దలు ప్రోటియాజోమ్‌ను అడ్డగిస్తాయని 2001లో కోపిటో బృందం చూపింది. అయితే హంటింగ్టన్ వ్యాధి కలిగించే ప్రోటీన్ ఉన్న నాడీకణాల్లో, ముద్ద కట్టినవే ఎక్కువకాలం బతికాయని 2004లో శాన్‌ఫ్రాన్సిస్కోలో తేలింది. విరగని ప్రోటీన్, అలసిన యంత్రం ఒకదాన్నొకటి కుంగదీసే విషవలయం ఇదని నా అభిప్రాయం. ముద్ద బహుశా కణం చేసుకున్న చివరి సర్దుబాటు.

ఈ విచ్ఛిత్తి యంత్రాంగాన్ని బాగుచేసి పార్కిన్సన్‌ను గానీ ఆల్జైమర్‌ను గానీ నయం చేసే మందు ఇంతవరకూ రాలేదు. రోగులున్న కుటుంబాలకు నా విన్నపం ఒక్కటే. ఆటోఫేజీ పేరు చెప్పి కఠిన ఉపవాసాలు, గుళికలు అమ్మేవారి మాట నమ్మి, వైద్యుడిని అడగకుండా పార్కిన్సన్ మందు లెవోడోపా మాన్పించకండి. దాన్ని హఠాత్తుగా ఆపితే ప్రాణానికే ప్రమాదం.