బరువు చూసినోళ్లు జవాబు కూడా చెప్పాలె

(మహాసభలో మండల సమాఖ్య ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపుల లెక్క, అప్పుల లెక్క ఇందాకే విన్నారు. మేం చెప్పేది ఇంకో లెక్క. ఈ ఏడాది మీటింగులకు పోయిన ఊళ్లల్లో ఒక మాట మళ్లీ మళ్లీ విన్నాం. "ఫౌండేషనోళ్లమని వస్తరు. బరువు చూస్తరు, బీపీ చూస్తరు, రక్తం తీస్తరు, పోతరు. మనకేమొస్తది?" ప్రశ్న సరైందే. మేం తెలుసుకున్నంత వరకు జవాబు చెప్తాం.

గుండెజబ్బు పట్నపోళ్ల జబ్బని మనం అనుకునేవాళ్లం. 2003-04లో గోదావరి జిల్లాల్లో బైర్రాజు ఫౌండేషన్ పనిచేసే 45 ఊళ్లల్లో డాక్టర్లు ఒక పరిశోధన చేశారు. ఏడాదిలో జరిగిన 1,354 చావులకు కారణమేందని ఇంటింటికీ పోయి అడిగించారు. నూటికి 32 మంది గుండెపోటు, పక్షవాతం లాంటి రక్తప్రసరణ జబ్బులతోనే పోయినట్టు తేలింది. అంటురోగాలతో పోయినవాళ్లు నూటికి 12 మందే. ఆ ఊళ్లు మనకు దూరమేం కాదు. మన దగ్గర మలేరియా, రక్తహీనత ఇంకా పోనేలేదు. వాటి పక్కనే బీపీ, షుగర్ కూడా వచ్చి కూర్చున్నయి.

ఇంకో పరిశోధన మన తల్లులందరూ వినాల్సింది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గర 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ దాన్ని మొదలుపెట్టింది. 15 పల్లెల్లో అంగన్‌వాడీల ద్వారా గర్భిణులకు, బాలింతలకు, ఆరేండ్ల లోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా పెట్టారు. మిగిలిన 14 పల్లెలకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. 2003 నుంచి 2005 మధ్యలో మళ్లీ పోయి, 13 నుంచి 18 ఏండ్లకొచ్చిన ఆ పిల్లల్ని 1,165 మందిని చూశారు. ఉప్మా పెట్టిన పల్లెల పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నారు. ఒంట్లో ఇన్సులిన్ బాగా పనిచేస్తున్నది. రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. బీపీలో, కొవ్వులో మాత్రం తేడా కనపడలేదు.

రక్తనాళం మెత్తగుంటే ఏమిటని అడుగుతారేమో. కొత్త రబ్బరు పైపు సాగుతది, ఎండకు ఎండిన పైపు సాగదు గదా. నాళం గట్టిపడితే గుండె ఎక్కువ బలంతో నెట్టాలె. అంటే తల్లి కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో దొరికిన తిండి పదిహేనేండ్ల తర్వాత కూడా నాళాల్లో కనపడ్డది.

ఈ ఫలితం ఒక్కరోజులో రాలేదు. అవే పల్లెలకు, అవే ఇండ్లకు ఏండ్ల తరబడి తిరగాలె. తర్వాతి కాలంలో ఆ పిల్లలతోపాటు వాళ్ల అమ్మానాన్నలను కూడా చూసిన పరిశోధనకు ఇంగ్లాండులోని వెల్కమ్ ట్రస్టు డబ్బులిచ్చింది. 1936లో చనిపోయిన మందుల కంపెనీ యజమాని హెన్రీ వెల్కమ్ వీలునామాతో పుట్టిన ధర్మనిధి అది. ఓపికగా ఇచ్చే డబ్బు ఉంటేనే ఇటువంటి పని సాగుతది. డబ్బు వచ్చే చోటు కూలితే పని కూడా ఆగుతది. 2009లో సత్యం కంపెనీ కూలినప్పుడు, అదే కుటుంబం పెట్టిన బైర్రాజు ఫౌండేషన్ పనులు కూడా దెబ్బతిన్నాయి.

ఇక మనవాళ్లకు అనుమానం ఎందుకో కూడా చెప్పుకోవాలె. 2009లో మన ఉమ్మడి ఖమ్మం జిల్లాలోనే, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, విదేశీ దాతల డబ్బుతో 10 నుంచి 14 ఏండ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. సుమారు 14 వేల మందికి. కొందరు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపారు. ఆ చావులకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. కానీ చాలామంది పిల్లల తరఫున హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారని బయటపడ్డది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. టీకా చెడ్డదని మేం అనడం లేదు, ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. బిడ్డ తల్లిని అడగకపోవడం తప్పు.

అందుకని అక్కలారా, వచ్చినోళ్లను తరిమెయ్యొద్దు. తల ఊపి వేలిముద్ర కూడా వెయ్యొద్దు. గ్రామైక్య సంఘం మీటింగుకు పిలిచి కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడుగుదాం.

ఒకటి: డబ్బు ఎవరిది, ఎన్నేండ్లు ఉంటది? ఆగిపోతే మా సంగతేంది?

రెండు: మాకు అర్థమయ్యే తెలుగులో, కోయ ఊళ్లల్లో కోయ మాటల్లో చెప్తారా? వద్దంటే ఊరుకుంటారా? పిల్లల కోసమైతే తల్లిదండ్రులనే అడుగుతారా?

మూడు: నా బీపీ ఎంతో నాకు చెప్తారా? ఎక్కువుంటే ఏ దవాఖానకు పంపుతారు? చివరికి తేలినదాన్ని మా ఊరికొచ్చి చెప్తారా?

జవాబులు మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు తీసుకుందాం. అప్పుకు రాసినట్టే దీనికీ రాయాలె. మన రక్తం కూడా మన పెట్టుబడే.

పరిశోధకులు వచ్చేదాకా ఆగకుండా మనం చేసుకోగలిగినవి కూడా ఉన్నాయి. అంగన్‌వాడీలో గర్భిణికి, బాలింతకు అన్నం, పప్పు, గుడ్డు, పాలతో ఒక పూట భోజనం ఉన్నది. కానీ మిరపకాయలు ఏరే రోజుల్లో, తునికాకు కోసే రోజుల్లో ఆ పూట మన కోడళ్లు, బిడ్డలు కేంద్రానికి పోవడం లేదు. కూలి పోతదని భయం. ఆ రోజుల్లో కడుపుతో ఉన్న సభ్యురాలి పని సంఘంలోని మిగతావాళ్లు వంతులేసుకుని చేద్దామని మా ఉపసంఘం ప్రతిపాదిస్తున్నది. ఆ భోజనం ఆమె అక్కడే కూర్చుని తినాలె. ఇంటికి తెస్తే పది మందికి పంచి ఆమె మెతుకులతో సరిపెట్టుకుంటది, మనకు తెలియంది కాదు.

ముప్పై దాటిన ప్రతి సభ్యురాలు ఏడాదికొకసారైనా ఏఎన్ఎం దగ్గర బీపీ, షుగర్ చూపించుకోవాలె. ఉప్పు రోజుకు మనిషికి ఒక చిన్న చెంచా దాటొద్దు. పచ్చడిలో, ఎండుచేపలో ఉన్నది కూడా ఆ చెంచాలోనే లెక్క. మన పెద్దోళ్లు తిన్న జొన్న గటకను, సామల అన్నాన్ని వారంలో కొన్ని పూటలన్నా పొయ్యి మీదికి తెద్దాం.

ఆ పల్లెల్లో అంగన్‌వాడీ ఉప్మా తిన్న తల్లులకు, అది బిడ్డ నాళాల దాకా పోతదని ఆ రోజు ఎవరూ చెప్పలేదు. మనకు ఇప్పుడు తెలిసింది. తెలిసినంక ఊరుకోవద్దు. ప్రతిపాదనకు ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి, మినిట్స్‌లో రాసుకుందాం.