ముఖశుద్ధి



ఈనాటి ప్రసంగం దంతాలను గురించి అని తెలిసి ఇద్దరు ముగ్గురు నవ్వుకోవడం చూశాను. స్తోత్రం పలికేదీ, తీర్థం పుచ్చుకొనేదీ నోరే గనుక నాకు సంకోచం లేదు.

సుశ్రుతాచార్యులు దినచర్యను దంతధావనంతోనే ప్రారంభించారు. పుల్ల పన్నెండంగుళాల పొడవు, చిటికెనవ్రేలి లావు ఉండాలి. చేదు చెట్లలో వేప, వగరు చెట్లలో చండ్ర శ్రేష్ఠం. చిగుళ్ళు నొవ్వకుండా తోముకోవాలి. ఇంతవరకు మనమూ చెబుతూనే ఉంటాం. తరువాతి మాట మరచిపోయాం. నోరు పూచినవాడు, నాలుకకో అంగిలికో రోగం వచ్చినవాడు పుల్ల నమలరాదని ఆయనే నిషేధించారు. ముఖరోగాలను 65గా లెక్కించి, వాటిలో కొన్ని అసాధ్యాలనీ చెప్పారు. అటువంటివాడు వెళ్ళవలసింది వైద్యుని వద్దకు.

నా తమ్ముడు వెళ్ళలేదు. శక్కర్‌నగరు చక్కెర ఫ్యాక్టరీలో చాలా కాలం పనిచేశాడు. బుగ్గన తంబాకు పెట్టుకొనే అలవాటు. 2015లో ఫ్యాక్టరీ మూతపడింది గాని ఆ అలవాటు పోలేదు. కొన్నాళ్ళకు బుగ్గ లోపల పుండు లేచింది. బోధనులో ఒక మందుల దుకాణం నుండి పూతమందు, నొప్పి బిళ్ళలు తెచ్చుకొంటూ అయిదు నెలలు గడిపాడు. ఆ దుకాణాన్ని నిందించను. ఆదివారాలలో వాణ్ణి చూస్తూ త్రిఫల కషాయం పుక్కిలించమని చెప్పినవాణ్ణి నేనే. చివరకు నిజామాబాదులో ఒక దుకాణంలో పనిచేసే పిల్ల అడిగింది: “బాపూ, ఎన్ని రోజులాయె?” జవాబు విని మందు ఇవ్వలేదు. పండ్ల డాక్టరు వద్దకు ఆనాడే పొమ్మన్నది. అది పుట్టకురుపు అని తేలింది. దవడలో కొంత భాగం తీసివేశారు. ఈనాడు వాడు ప్రసాదాన్ని కూడా నీళ్ళలో కలిపి మింగుతాడు.

పన్ను నొస్తే మనం మొదట మెట్టెక్కేది మందుల దుకాణమే. చక్కెరవ్యాధి ఉన్నవారు దంతవైద్యుణ్ణి ఏళ్ళ తరబడి చూడరు, దుకాణానికి మాత్రం నెలనెలా వెళతారు. ఆ వ్యాధి చిగుళ్ళను చెరుపుతుంది; చెడిన చిగుళ్ళు రక్తంలో చక్కెరను అదుపు తప్పిస్తాయి. కాబట్టి బిళ్ళలు ఇచ్చేటప్పుడు “చిగుళ్ళ నుండి రక్తం వస్తోందా?” అని ఒక్కమాట అడగవచ్చు. రెండు వారాలు దాటినా మానని పుండుకు పూతమందు అమ్మకుండా వైద్యుని వద్దకు పంపాలి. నొప్పి బిళ్ళకు రెండవసారి వచ్చినవానికీ అదే మాట చెప్పాలి. పేస్టు కొనే తల్లికి, మూడేళ్ళలోపు బిడ్డకు బియ్యపుగింజంత, ఆపైన ఆరేళ్ళ వరకు బఠాణీగింజంత చాలునని, పడుకోబోయే ముందు తప్పక తోమించాలని చెప్పాలి. తీపి నోట నిలిస్తే క్రిములు దానిని ఆమ్లంగా మార్చి పన్నును తొలుస్తాయి. రాత్రి లడ్డు ప్రసాదం నోట పెట్టుకొని నిద్రపోయే పిల్లలను ఈ మండపంలోనే చూస్తున్నాను. తల్లులు కోపగించుకోకుండా నీళ్ళతో పుక్కిలింపజేయండి.

మన దాతలలో మందుల దుకాణాల యజమానులు ఉన్నారు. “ఎన్ని రోజులైంది?” అన్న ప్రశ్నను అట్టమీద వ్రాయించి కౌంటరు వద్ద కట్టుకోవలసిందిగా వారిని ప్రార్థిస్తున్నాను. అక్షరాలు కుదరనివారు అట్టను నా వద్దకు పంపండి, వ్రాసి ఇస్తాను.