కాకా బాగుచేసిన ఆటో
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. వార్డెన్ చేతికి మైకు ఇస్తే ఏం చెప్తుందో మీకు తెలుసు. రాత్రి పదింటికి లైట్లు ఆర్పండి, ఫోన్లు పక్కన పెట్టండి, అన్నం పారేయకండి. ఈ రోజు అవేవీ చెప్పను. మా కాకా గురించి, సైదాబాద్‌లో ఆయన బాగుచేసిన ఒక పాత ఆటో గురించి చెప్తాను. కథ చెప్పుకొమ్మన్నాడు గానీ పేరు మాత్రం వద్దన్నాడు. అందుకే పేరు చెప్పను.

మాది దేవరకొండ వైపు తాండా. కాకా మా బాపుకు తమ్ముడు. రెండెకరాల చెలకలో మూడు బోర్లు వేయించాడు. మొదటి దాంట్లో దుమ్ము లేచింది. రెండో దాంట్లోనూ దుమ్మే. మూడో దాంట్లో నీళ్లు పడితే మేకను కోసి తాండా అంతా తిన్నాం, వచ్చే వేసవికి అదీ ఎండింది. ఎడ్ల జతలో ఒకటి పాము కరిచి చచ్చిపోయింది. రెండోదాన్ని అప్పిచ్చినాయన తోలుకుపోయాడు. అప్పటి నుంచి కాకాకు ఒక పేరు పడింది, 'శని పట్టినోడు' అని. ఎవరైనా పెళ్లిచూపులకు బయలుదేరినప్పుడు ఆయన ఎదురొస్తే, వెనక్కి పోయి ఇంట్లో కాసేపు కూర్చుని మళ్లీ బయలుదేరేవాళ్లు. ఆయన కూడా అది చూసి, ఎవరైనా కొత్త బట్టలతో కనిపిస్తే తనే పక్క సందులోకి తప్పుకునేవాడు. నాకు బాగా గుర్తున్నది ఆ తప్పుకోవడమే.

1996లో కాకా, కాకీ, ఇద్దరు పిల్లలు సింగరేణి కాలనీకి వచ్చారు. మీలో చాలామందికి ఆ కాలనీ తెలుసు, కొందరు అక్కడే పుట్టారు. దేవరకొండ, చందంపేట తాండాల నుంచి పట్నం వచ్చినవాళ్లలో ఎంతోమంది ముందు దిగింది అక్కడే. మా బాపు అప్పటికే అక్కడ గుడిసె వేసుకుని తాపీ పనికి పోతున్నాడు. కాకాను సెంట్రింగ్ పనిలో పెట్టాడు. ఎనిమిది నెలలకు పరంజా మీద నుంచి పడి కుడి భుజం విరిగింది. కట్టు విప్పినా చేయి తల పైకి లేవలేదు. ఇనుము మోయలేడు, గమేళా ఎత్తలేడు. పని చేయించుకున్నవాళ్లు మళ్లీ మొహం చూపించలేదు. కాకీ నాలుగిళ్లలో అంట్లు తోముతుంటే కాకా గుడిసె ముందు కూర్చునేవాడు. నేను అప్పుడు ఇంటర్ చదువుతూ హాస్టల్లో ఉండి సెలవులకు మాత్రం వచ్చేదాన్ని.

ఒక సెలవుల్లోనే, ఒక రాత్రి కాకా ఇంటికి రాలేదు. పదకొండు దాటింది. కాకీ ఏడుస్తూ మా ఇంటికి వచ్చింది. ఎవరం పైకి అనలేదు గానీ మగవాళ్లంతా టార్చ్ లైట్లు తీసుకుని నేరుగా సరూర్‌నగర్ చెరువు వైపే పోయారు. ఎందుకు అటే పోయారో మీకు అర్థమయ్యే ఉంటుంది. తెల్లవారుజామున దొరికాడు. చెరువు దగ్గర కాదు, మా గుడిసెల వెనుక మోరీ పక్కన పడి ఉన్న ఒక ఆటోలో, వెనుక సీటు చెక్క మీద ముడుచుకుని పడుకుని ఉన్నాడు. ఆటోకు టాపు లేదు, రెండు చక్రాలు లేవు, ఒక కుక్క అందులో పిల్లల్ని పెట్టింది. 'కుక్క తరమలేదు, అందుకే పడుకున్నా' అన్నాడు. ఆ మాటకు మా బాపు ఆయన్ని కొట్టబోయి, పట్టుకుని ఏడ్చాడు.

మరుసటి రోజు నుంచి కాకా పోయి ఆ ఆటోలోనే కూర్చునేవాడు. ఒకరోజు మీటరు మీద దుమ్ము తుడిచాడు. ఇంకోరోజు నా దగ్గర పాత బనియన్ గుడ్డ అడిగి హ్యాండిల్ తుడిచాడు. పిచ్చి లేచిందనుకున్నారు కాలనీలో. నేనూ అనుకున్నాను.

మెయిన్ రోడ్డు మీద ఒక పెద్దాయన ఆటోల మెకానిక్ షెడ్డు ఉండేది. అందరూ ఆయన్ను ఉస్తాద్ అనేవాళ్లు, మేము ఉస్తాద్ చాచా అనేవాళ్లం. కాకా పోయి ఒక పానా అడిగాడు. ఉస్తాద్ ఇవ్వలేదు. 'నాయక్, గాడీ కిస్కీ హై?' అని అడిగాడు. బండి ఎవరిది? కాకా దగ్గర జవాబు లేదు. 'ముందు బండి గలవాళ్లను దొరకబట్టు, పానా తర్వాత' అన్నాడు.

తమ్ముళ్లూ, ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఈ పొరపాటు మనవాళ్లు ఇప్పటికీ చేస్తున్నారు. రోడ్డు పక్కన వదిలేసి ఉన్నంత మాత్రాన బండి దొరికినవాడి సొత్తు కాదు. ఎవరూ రాని బండ్లను పోలీసులు తీసుకుపోయి, నంబర్లతో ప్రకటన ఇచ్చి, గలవాళ్లు వచ్చి అడగడానికి ఆరు నెలల గడువు పెడతారు. అప్పటికీ ఎవరూ రాకపోతే వేలం వేస్తారు. ఆ దారి కాకుండా విడిభాగాలు ఊడదీసుకున్నా, నడుపుకున్నా కేసే అవుతుంది.

నంబర్ ప్లేటు మీద అంకెలు సగం పోయాయి. ఛాసిస్ మీద చెక్కిన నంబరును కిరసనాయిలుతో కడిగి నా చేత రాయించాడు. ఆ చీటీ పట్టుకుని మలక్‌పేట ఆర్టీఓ ఆఫీసు చుట్టూ నాలుగు సార్లు తిరిగాడు. బండి మాదన్నపేటలో ఒకాయనదని తేలింది. ఆయన చనిపోయి రెండేళ్లయింది. భార్య బీడీలు చుడుతూ ముగ్గురు పిల్లల్ని సాకుతోంది. 'ఆ బండి చూస్తే ఆయన గుర్తొస్తాడు, తీసుకుపో అన్నా' అందట ఆమె. కాకా ఊరికే తీసుకోలేదు. ఐదు వేలకు ఒప్పుకుని నెలకు రెండు వందల చొప్పున ఇస్తానని కాగితం రాయించాడు. రాసింది నేనే, నా జీవితంలో మొదటి అగ్రిమెంటు అది. యజమాని పోయాడు కాబట్టి ముందు ఫారం 31తో బండి ఆమె పేరు మీదికి రావాలి. ఆ తర్వాత 29, 30 ఫారాలతో కాకా పేరుకు మారాలి. ఈ కాగితాలకే మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలు కాకా ఒక్క బోల్టు విప్పలేదు. కుక్కపిల్లలు మాత్రం ఈలోగా పెద్దవై వాటి దారిన అవి పోయాయి.

అప్పుడు ఉస్తాద్ పానా ఇచ్చాడు.

అది పాత టూ స్ట్రోక్ బజాజ్. ఇంజన్ బిగుసుకుపోయింది. కాకా బలమంతా పెట్టి హ్యాండిల్ లాగబోతే ఉస్తాద్ ఆపాడు. ప్లగ్ తీసి ఆ రంధ్రంలో కిరసనాయిలు పోసి మూడు రోజులు ముట్టుకోవద్దన్నాడు. మూడో రోజు గేరులో వేసి బండిని ముందుకూ వెనక్కూ ఊపితే పిస్టన్ కదిలింది. ట్యాంకులో తుప్పు. గులకరాళ్లూ కొంచెం పెట్రోలూ పోసి మేము పిల్లలమంతా వంతులేసుకుని ఊపాం. కార్బురేటర్‌లో పాత పెట్రోలు జిగురులా గడ్డకట్టింది. జెట్‌లో తీగ పెట్టి పొడవబోయిన కాకా చేతి మీద ఉస్తాద్ ఒకటి వేశాడు. రంధ్రం పెద్దదైతే బండి పెట్రోలు తాగుతుంది, నోటితో ఊదాలి, అంతే. సైలెన్సర్ నిండా మసి. దాన్ని మంటలో కాల్చి దులిపారు. టైర్లు, కేబుళ్లు గురువారం గురువారం జుమ్మెరాత్ బజార్‌కు పోయి ఏరుకొచ్చాడు. పైకి లేవని చేయి ఈ పనికి అడ్డం రాలేదు. ఆటో ఇంజన్ కింద, వెనుక ఉంటుంది కదా.

బండి మొదటిసారి స్టార్ట్ అయినప్పుడు నేను అక్కడ లేను, హాస్టల్లో ఉన్నాను. పొగకు కాలనీ అంతా దగ్గిందని చెప్పారు.

ఇక్కడితో ఆపితే సినిమా కథ అవుతుంది. బండి సిద్ధమైంది గానీ నడపడానికి కాకాకు లైసెన్సు లేదు. అప్పట్లో ముందు మామూలు లైసెన్సు, ఏడాది తర్వాత గానీ కిరాయి బండి నడిపే అనుమతి వచ్చేది కాదు. ఆ ఏడాది కాలనీలో లైసెన్సున్న కుర్రాడొకడు నడిపి రోజుకింత ఇచ్చాడు. అతను ఒకసారి పెట్రోల్‌లో ఆయిల్ సరిగ్గా కలపకుండా నడిపితే చంపాపేట దగ్గర ఇంజన్ పట్టేసింది. మళ్లీ బోరింగ్, కొత్త పిస్టన్, మళ్లీ అప్పు. 'చూశావా, శని పోలేదు' అన్నారు చుట్టాలు.

ఆ మాట విని ఉస్తాద్ అన్న మాట కాకా ఇప్పటికీ చెప్తుంటాడు. 'నలభై ఏళ్ల నుంచి ఇంజన్లు విప్పుతున్నా. ఒక్కదాంట్లో కూడా శని కనబడలేదు. ప్లగ్‌కు కరెంటు రాకపోవడం కనబడింది, ఆయిల్ లేకపోవడం కనబడింది' అన్నాడట.

నేను టీచర్ ట్రైనింగ్‌కు పోయాక ఆ మాట నాకు ఇంకో రకంగా అర్థమైంది. కాకా బోర్లలో నీళ్లు ఎందుకు పడలేదు? దేవరకొండ ప్రాంతమంతా గట్టి గ్రానైటు రాయి. పగుళ్లు ఉన్న చోటే నీరు దొరుకుతుంది, వర్షం తక్కువైతే అదీ అడుగంటుతుంది. ఎవరైనా చూసి చెప్పాక బోరు వేయిస్తే రెండు అప్పులైనా మిగిలేవి. పరంజా మీద నుంచి ఎందుకు పడ్డాడు? బెల్టు ఇవ్వలేదు కాబట్టి. ఇందులో శని ఎక్కడుంది? మన తాతముత్తాతలకూ ఇదే జరిగింది. వేల ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కన్ అంతా లదేణి తిరిగినవాళ్లు వాళ్లు. సైన్యాలకు తిండి మోసుకెళ్లినవాళ్లు. రైళ్లు, పక్కా రోడ్లు వచ్చాక ఆ బతుకు పోయింది. పైగా 1871 నాటి నేరస్థ జాతుల చట్టం ముద్ర. 1952లో చట్టం పోయింది గానీ చూపు అంత త్వరగా పోలేదు. దాన్ని మన రాత అనుకుంటూ ఎంత కాలం గడిపామో! రవాణా మన పాత వృత్తి. కాకా ఆటో తోలుతుంటే మా బాపు నవ్వుతూ 'లదేణికి బయలుదేరిండు' అనేవాడు.

కాకా పద్దెనిమిదేళ్లు ఆటో తోలాడు, ఆ బండి పోయాక ఇంకోటి. ధనవంతుడు కాలేదు. మాదన్నపేట ఆమె బాకీ మాత్రం చివరి రెండు వందలతో సహా తీర్చాడు. ఇద్దరు పిల్లల్లో ఒకరు డిగ్రీ పూర్తి చేశారు, ఒకరు చేయలేదు.

పోయినేడు మా హాస్టల్ పిల్లల్ని బహదూర్‌పురాలోని సుధా కార్ల మ్యూజియానికి తీసుకెళ్లాను. పాత ఇనుముతో సుధాకర్ గారు తయారుచేసిన బండ్లు, వంకాయ కారు, క్రికెట్ బ్యాటు కారు అక్కడున్నాయి. 2005లో నలభై ఒక్క అడుగులకు పైగా ఎత్తున్న మూడు చక్రాల సైకిల్ చేసి గిన్నిస్ రికార్డు తెచ్చుకున్నది ఆయనే. పిల్లలు ఫొటోలు దిగుతుంటే ఒక అమ్మాయి మాత్రం వంగి బండి కింద చూస్తోంది. 'మేడం, దీని గేర్ ఎక్కడుంది?' అని అడిగింది.

ఈ ఏడు ఇంటర్ మొదటి సంవత్సరం ఫలితాల్లో మ్యాథ్స్ తప్పింది ఆ అమ్మాయే. రెండు రోజులు అన్నం ముట్టలేదు. 'నా రాత ఇంతే మేడం' అంది. నేను ఉస్తాద్ చాచాలా అడిగాను, ఎక్కడ ఆగింది అని. పుస్తకం ముందేసుకుని పాఠం పాఠం తిప్పాం. దసరాకు ఇంటికి పోయి పత్తి ఏరడానికి ఆగిపోయి సంక్రాంతి తర్వాత వచ్చింది. ఆ మధ్యలో చెప్పిన పాఠాలే రాలేదు, మిగతావి వచ్చు. అప్పుడు నేను రెండుసార్లు ఫోన్ చేసి ఊరుకున్నాను. మూడోసారి బస్సెక్కి తాండాకు పోవాల్సింది. అది నా తప్పు, ఆమె రాత కాదు. వచ్చే నెల సప్లిమెంటరీ. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం కూర్చుంటున్నాం. పాసవుతుందో లేదో నేను ఇప్పుడు చెప్పలేను. పాసయ్యాక కూడా తనకు మోటార్ మెకానిక్ నేర్చుకోవాలనుందట. వాళ్ల యాడి ఆడపిల్లకు గ్రీజు పని ఏంటని ఒప్పుకోవడం లేదు. వచ్చే ఆదివారం వాళ్ల ఇంటికి నాతో పాటు కాకా కూడా వస్తానన్నాడు.

మల్లేపల్లి ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్ల కోర్సు ఉంది, టెన్త్ పాసైతే చాలు. అప్లికేషన్ పెట్టాలనుకునేవాళ్లు టెన్త్ మెమో, కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్ తీసుకుని మా హాస్టల్‌కు రండి. ఆదివారం సాయంత్రం ఆరు తర్వాత తాండా నుంచి తిరిగి వచ్చి ఆఫీసులోనే ఉంటాను.