మోట పోయింది, మోటారొచ్చింది – మనమెక్కడున్నం?

(బడులు తెరిచే ముందు వాడల కార్యకర్తల సమావేశంలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



మేము ఏ వాడకు పోయి బడి గురించి మాట్లాడినా ఒక మాట ఎదురవుతుంది. "డిగ్రీ చదివినోడు ఆటో నడుపుతుండు, బీఈడీ చేసినోడు కూలికి పోతుండు. ఇగ సదువు సదువు అంటరేంది సారూ?" అని. ఆ మాట అన్నవాళ్ళ మీద మాకు కోపం లేదు. కళ్ళముందు కనబడేదే అంటున్నారు. ఇంకోపక్క మంత్రులు, పెద్ద ఆఫీసర్లు దేశం వృద్ధి రేటు ఇంత శాతం, అంత శాతం అని లెక్కలు చదువుతుంటారు. ఈ రెండు మాటలకూ నడుమ ఒక ముడి ఉంది. ఆ ముడిని మన దగ్గర ఎవరు తెంపారో చెప్పుకోవటానికే ఇవాళ కూర్చున్నాం.

వృద్ధి అంటే బ్రహ్మపదార్థం కాదు. నిరుడు ఊరు మొత్తం మీద వెయ్యి బస్తాలు పండితే ఈ ఏడు పదకొండు వందలు పండటం. అది రెండు రకాలుగా జరుగుతుంది. ఇంకో పదెకరాలు దున్ని, ఇంకో ఇరవై మందిని దించితే జరుగుతుంది. లేదా అదే భూమిలో, అదే మనుషులతో, పని చేసే తీరు మారితే జరుగుతుంది. మొదటి దారి ఎంతో దూరం పోదు. భూమి సాగదు గదా!

రాబర్ట్ సోలో అని అమెరికాలో ఒక ఆర్థికవేత్త. 1909 నుంచి 1949 దాకా తన దేశం లెక్కలు తీసి 1957లో ఒక వ్యాసం రాశాడు. ఆ నలభై ఏళ్ళలో అక్కడ ఒక మనిషి గంటకు తీసే ఉత్పత్తి రెండింతలైంది. పెట్టుబడి, యంత్రాలు పెరిగినందువల్ల వచ్చింది అందులో ఎనిమిదో వంతే. మిగతాదంతా పని తీరు మెరుగైనందువల్ల వచ్చింది. మన పాత లెక్కలో చెప్పాలంటే రూపాయికి పద్నాలుగణాలు. కార్మికుడి చదువు, నేర్పు, కొత్త ఉపాయాలు అన్నీ ఆ పద్నాలుగణాల్లోనే కలిసి ఉన్నాయి. సొమ్మున్నోడే దేశాన్ని సాకుతున్నాడని చెప్పే దొరలకు ఈ లెక్క వినిపించాలి.

మరి కొత్త ఉపాయం ఎక్కడ పుడుతుంది? మేము బడిలో పిల్లలకు చెప్పే పాఠమే మీకూ చెప్తాం. జేమ్స్ వాట్ అని స్కాట్లండులో ఒక పనిముట్ల మేస్త్రి. డిగ్రీ లేదు. కానీ గ్లాస్గో విశ్వవిద్యాలయం ఆవరణలోనే ఆయనకు చిన్న దుకాణం ఉండేది. పాఠం చెప్పటానికి వాడే ఆవిరి యంత్రం నమూనా సరిగా నడవకపోతే 1763లో ఆయనకు బాగుచేయమని ఇచ్చారు. ఒకటే గొట్టాన్ని మాటిమాటికీ వేడిచేయటం, చల్లార్చటం వల్ల ఆవిరంతా వృథా పోతున్నదని ఆయన కనిపెట్టాడు. వేడి మీద పరిశోధన చేసే జోసెఫ్ బ్లాక్ అనే ప్రొఫెసరు అక్కడే ఉన్నాడు. ఆ ప్రొఫెసరు ఈ మేస్త్రితో కూర్చొని మాట్లాడేవాడు. 1765లో ఆవిరిని వేరే అరలో చల్లార్చే ఉపాయం వాట్‌కు తట్టింది. తర్వాత ఆ యంత్రం ఏం చేసిందో లోకమంతా చూసింది.

ప్రొఫెసరూ మేస్త్రీ ఒకచోట కూర్చున్నారు. అంతే సంగతి. 2025లో ఆర్థికశాస్త్రం నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో జోయెల్ మోకిర్ అనే చరిత్రకారుడున్నాడు. ఆయన జీవితమంతా చెప్పిందీ దాదాపు ఇదే. ఒక పని ఎట్లా చేయాలో తెలిసిన ఎరుక ఒకటి, అది ఎందుకట్లా అవుతుందో తెలిసిన ఎరుక ఇంకొకటి. రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నచోట కొత్తది పుట్టి, వృద్ధి ఆగకుండా సాగుతుంది. మాట్లాడుకోనిచోట ఎంత గొప్ప ఉపాయమైనా కొన్నాళ్ళకు చల్లారిపోతుంది.

ఇప్పుడు మన లంద కాడికి వద్దాం.

మన తాతలు పచ్చితోలును నానబెట్టి, సున్నంలో వేసి, వెంట్రుక ఊడ్చి, లోపలి కండ గీకి, కడిగి, తంగేడు చెక్క నీళ్ళలో వేసేవాళ్ళు. ముందు పలచటి నీళ్ళు, తర్వాత చిక్కటి నీళ్ళు. ముందే చిక్కటి నీళ్ళలో వేస్తే ఏమవుతుంది? పైపొర గట్టిపడి లోపల పచ్చిగానే ఉంటుంది. ఆ తోలు పనికిరాదు. ఇది ఏ కాలేజీలో చెప్పారు మన తాతకు? చెయ్యే చెప్పింది, ముక్కే చెప్పింది. ఇవాళ రసాయనశాస్త్రం పుస్తకం తెరిస్తే టానిన్ అంటారు, గాఢత అంటారు, అదే సంగతి రాసి ఉంటుంది. ఎట్లా చేయాలో తెలిసిన ఎరుక మన వాడలో నిండుగా ఉంది. ఎందుకో చెప్పే పుస్తకం ఊళ్ళో ఉంది. నడుమ కులం అడ్డం పడుకుంది. పుస్తకమున్నాయన లంద వాసనకు ముక్కు మూసుకొని పోయాడు. లంద కాడున్నాయన బడి గడప తొక్కితే తన్నులు తిన్నాడు. ఇక వాట్ ఎక్కడి నుంచి పుడతాడు, బ్లాక్ ఎక్కడి నుంచి వస్తాడు?

కులం పనిని పంచటంతో ఆగదనీ, పనిచేసేవాళ్ళనే ముక్కలు చేసి ఒకరిమీద ఒకరిని నిలబెడుతుందనీ బాబాసాహెబ్ 1936లోనే రాశారు. దానికి మేము ఒక్కటే కలుపుతాం. దానివల్ల నష్టపోయింది మనమొక్కరమే కాదు. దేశం దేశమే బీదదైంది.

కొత్తది బయటినుంచి వచ్చింది. క్రోమియం ఉప్పుతో తోలు ఊనే పద్ధతికి 1884లో అమెరికాలో పేటెంటు తీసుకున్నారు. వారాలు పట్టే పని రోజుల్లోకి వచ్చింది. 1948లో మద్రాసులో కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ పెట్టారు. మన తెలుగువాడు యలవర్తి నాయుడమ్మ గారు దానికి డైరెక్టరుగా ఉండి ప్రపంచంలో పేరు తెచ్చారు. గొప్ప శాస్త్రవేత్త, కాదనం. మేము అడిగేది వేరే. లంద కాడ పుట్టిన పిల్లలు ఎంతమంది అట్లాంటి ప్రయోగశాల మెట్లెక్కారు? 2022-23లో ఈ దేశం 500 కోట్ల డాలర్లకు పైగా తోలు, చెప్పుల సరుకు అమ్ముకుంది. అందులో చెప్పు కుట్టే చేతికి దక్కిందెంత? డప్పులకు కూడా ఇప్పుడు ప్లాస్టిక్ మూతలొచ్చినయి. అది వేరే దుఃఖం, ఇంకోసారి మాట్లాడుకుందాం.

మోట సంగతి పెద్దోళ్ళకు ఎరుకే. బాయి మీద మోట నడవాలంటే తోలు బొక్కెన కావాలి, తోండం కావాలి, తోలు తాడు కావాలి. అవి చేసేది మాదిగాయన. ఊరి పొలమంతా ఆయన కుట్టు మీద తడిసేది. తర్వాత ఆయిలింజన్లు, కరెంటు మోటార్లు వచ్చినయి. మోటలు మూలకు పడ్డయి. మోటారు రావటం తప్పని మేమనం. ఎద్దుకూ మనిషికీ నడుము విరిగే కష్టం తప్పింది, మంచిదే. కానీ ఆలోచించండి. నీళ్ళు తోడే పనిముట్టు చేసే నేర్పున్న మనిషి కొడుకు మోటారు వైండింగు దుకాణం పెట్టాలి గదా న్యాయానికి? పెట్టలేదు. ఐటీఐకి పోవాలంటే పదో తరగతి కావాలె. దుకాణానికి పెట్టుబడి కావాలె. సడక్ మీద జాగా కావాలె. మూడూ లేవు. పనిముట్టు మారింది, పనిముట్టు చేసినోడు కూలోడైండు. ఇప్పుడు వరికోత మిషను వచ్చి మన అక్కల కోత కూలి పోతున్నది. మళ్ళీ అదే ప్రశ్న. మిషను ఎవరిది? నడిపేదెవరు? రిపేరు చేసేదెవరు?

చేతిపని చేసేవాళ్ళకు తెలివి లేదనేవాళ్ళకు చింతకింది మల్లేశం గారిని చూపించండి. మన కులం కాదు, నేతపని ఆయన. ఆలేరు దగ్గర శారాజీపేట. ఆరో తరగతితో బడి ఆగింది. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే ఒక్క చీరకే దాదాపు 9 వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. తల్లి భుజం నొప్పి చూడలేక మిషను చేయాలని కూర్చున్నాడు. ఏడేళ్ళు పట్టింది. అప్పులయ్యాయి. చివరి చిక్కుముడి 1999లో హైదరాబాదు బాలానగర్లో కరెంటు పనికి పోయినప్పుడు, అక్కడ తిరిగే ఒక యంత్రాన్ని చూసి విప్పుకున్నాడు. మిషనుకు తల్లి లక్ష్మి పేరే పెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. సంతోషం. అయితే ఆ ఏడేళ్ళు ఎందుకు పట్టాలి? పక్కన ఒక పాలిటెక్నిక్ మేష్టారు, ఒక లేతు మిషను, చిన్న అప్పు ఉంటే ఏడాదిలో అయ్యేది గదా! అట్లా బాలానగర్ దాకా పోలేక మధ్యలోనే ఆగిన తలకాయలు ఎన్ని వాడల్లో ఎన్ని ఉన్నాయో!

బాబాసాహెబ్ ఈ సంగతి ముందే పట్టుకున్నారు. 1942లో వైస్రాయికి ఇచ్చిన విజ్ఞాపనలో మన పిల్లలకు శాస్త్ర, సాంకేతిక చదువుల కోసమని ప్రత్యేకంగా స్కాలర్‌షిప్పులు అడిగారు. విదేశాలకు పంపమన్నారు. గుమాస్తా చదువులతో సరిపెట్టుకోలేదు. 1944 నుంచి వస్తున్న పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్పు వెనుక ఉన్నది ఆ పోరాటమే. అది ఎవరి దయా కాదు. నెలలకు నెలలు ఆగిన ప్రతిసారీ ఈ మాట ఆఫీసు ముందు గట్టిగా అనాలి.

అక్షరాస్యత లెక్క ఒక్కసారి చూద్దాం. 1961లో షెడ్యూల్డు కులాల్లో నూటికి 10 మందే చదవను, రాయను వచ్చినవాళ్ళు. 2011 నాటికి 66 మంది. దేశం మొత్తం మీద 73. మన ఆడవాళ్ళలో 56. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలందరికీ పదేళ్ళలో ఉచిత నిర్బంధ విద్య అని రాజ్యాంగంలో రాసుకుంటే, దాన్ని హక్కుగా చట్టం చేయటానికి 2009 వచ్చింది. ఆ ఆలస్యమంతా ఎవరి పిల్లల తలమీద పడిందో చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. డిగ్రీ ఆటో ఎందుకు నడుపుతున్నది? మనకిచ్చింది సగం చదువు గనక. మేము పంతుళ్ళం, లోపలినుంచి చూస్తున్నాం. ప్రయోగశాల గదికి తాళం. గైడు బట్టీ పట్టి పాసు. పిల్లవాడు ఇంట్లో చేసే పని గురించి బడిలో ఒక్క మాట ఉండదు, ఉన్నా సిగ్గుపడేటట్టు ఉంటుంది. ఒకచోట మన పిల్లలతో గదులు ఊడిపించి, సైన్సు పీరియడంతా బయట నిలబెట్టిన సంగతి మాకు తెలుసు. చదువు చెయ్యిని వదిలేసింది, చెయ్యికి చదువు అందలేదు. దానిమీద భూమి లేదు, బ్యాంకు అప్పు లేదు. అందుకని బడి మానటం మందు కాదు, మిగతా సగం గుంజుకోవటమే.

అందుకు పని చెప్తాం, రాసుకోండి. జూన్‌లో బడి తెరిచేలోగా ప్రతి వాడలో రెండు జాబితాలు తీయాలి. ఒకటి, ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు ఎవరు బడిలో ఉన్నారు, ఎవరు ఏ తరగతిలో ఆగారు, ఎందుకు ఆగారు. ఆడపిల్లల పేర్లు ముందు రాయండి. రెండోది ఎవరూ తీయని జాబితా: వాడలో ఎవరికి ఏ పని వచ్చు. తోలు, తాపీ, వెల్డింగు, పంపు రిపేరు, మందు చెట్ల గుర్తు, ఏదైనా సరే. ముసలోళ్ళను కూడా అడగండి. మొదటి జాబితా పట్టుకొని హెడ్మాస్టరు దగ్గరికి, మండలం ఆఫీసుకు పోదాం. రెండోది పట్టుకొని దగ్గర్లోని ఐటీఐకి, పాలిటెక్నిక్‌కు పోయి, మా వాళ్ళను లోపలికి రానిస్తారా, మీరు మా వాడకు వస్తారా అని అడుగుదాం. వచ్చే పక్షానికి జాబితాలు పత్రిక ఆఫీసుకు అందాలి. కాగితాలు అయిపోతే మా దగ్గర తీసుకోండి, తెచ్చినం.