తొమ్మిది పోటీల రామారావు గారు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఎన్నికల మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను గుమాస్తాను. పార్టీల సంగతి నాకొద్దు. ఎన్.టి. రామారావు గారు శాసనసభకు ఎన్నిసార్లు, ఎక్కడెక్కడ పోటీ చేశారు, జనం ఏమి తీర్పు ఇచ్చారు అన్న లెక్క మాత్రం చెబుతాను.

మొత్తం తొమ్మిది పోటీలు. ఎనిమిది గెలుపులు, ఒక్క ఓటమి. 1983లో గుడివాడ, తిరుపతి, రెండూ గెలిచారు. 1985లో గుడివాడ, హిందూపురం, నల్గొండ. మూడూ గెలిచి హిందూపురం ఉంచుకున్నారు. 1989లో హిందూపురం గెలిచి కల్వకుర్తి ఓడిపోయారు. 1994లో హిందూపురం, టెక్కలి రెండూ గెలిచి మళ్ళీ హిందూపురమే ఉంచుకున్నారు. కోస్తా, సీమ, తెలంగాణ మూడింటిలోనూ గెలిచిన మనిషి. ఇది చిన్న విషయం కాదు.

అయితే ఒకరు మూడు చోట్ల గెలిస్తే రెండు చోట్ల రాజీనామా చేయాలి, అంటే రెండు ఉప ఎన్నికలు. మళ్ళీ బ్యాలెట్ పెట్టెలు, మళ్ళీ లక్క, సీళ్ళు, చెరగని సిరా, మళ్ళీ రాత్రంతా స్కూలు బెంచీల మీద పడక. ఆ భారం ఎవరి మీద పడిందో ఈ హాలులో కూర్చున్నవారికి నేను చెప్పనక్కరలేదు! ఆ రోజుల్లో ఇన్ని చోట్లే నిలబడాలన్న పరిమితి చట్టంలో లేదు.

మన ఉద్యోగులకు ఆయనతో ఉన్న లెక్క వేరు. 1983 జనవరిలో అధికారంలోకి వచ్చారు. పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు తగ్గింది. ఆ ఫిబ్రవరి 28న వేలాదిమంది ఒక్కసారిగా ఇంటిదారి పట్టారు. ఆడపిల్లల పెళ్ళిళ్ళు, పిల్లల చదువులు మధ్యలో ఉన్న సంసారాలవి. 1984లో వయసు తిరిగి 58 అయింది. మధ్యలో పోయినవారి గతేమిటన్నది 1985లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి తేలింది. 1986లో ఎన్జీవోల సుదీర్ఘ సమ్మె సరేసరి.

మరి 1985లో ఇంత భారీగా ఎలా గెలిచారు? ఉద్యోగుల కోపం ఊళ్ళకు పాకలేదు. పల్లెల్లో కిలో రెండు రూపాయల బియ్యం ఉంది. 1984 ఆగస్టులో ఆయనను గద్దె దింపిన తీరు మీద జనానికి ఆగ్రహం ఉంది. ఆఫీసులో మనం అనుకున్నదే లోకం కాదని నాకు అప్పుడే తెలిసింది.

ఇక కల్వకుర్తి. అసలు నేను చెప్పదలచింది ఇదే. 1989 నవంబరులో లోక్‌సభకూ శాసనసభకూ కలిపి ఓటింగు. తెల్ల కాగితం ఒకటి, గులాబి కాగితం ఒకటి. పద్దెనిమిదేళ్ళవారికి ఓటు వచ్చిన మొదటి ఎన్నిక కూడా అదే. ముఖ్యమంత్రి హోదాలో నిలబడిన రామారావు గారు కాంగ్రెసు అభ్యర్థి చిత్తరంజన్ దాస్ గారి చేతిలో మూడున్నర వేలకు కాస్త పైన ఓట్ల తేడాతో ఓడిపోయారు. గాలి ఎదురుగా ఉన్న మాట నిజమే. ఆయన పార్టీకి 74 సీట్లే వచ్చాయి. అయినా అదే గాలిలో హిందూపురం నిలబెట్టింది, కల్వకుర్తి కాదంది. హిందూపురం వారికి ఆయన అప్పటికే తమ ఎమ్మెల్యే. కల్వకుర్తి వారికి మాత్రం, గెలిచినా తమ సీటునే ఉంచుకుంటారో, నల్గొండలా వదిలేస్తారో తెలియదు. అదే కారణమని నిరూపించలేను గానీ, నా మనసుకు తోచినది ఇది.

ఆ ఓటమిని ఆయన మోశారు. ప్రతిపక్ష నాయకుడై అయిదేళ్ళు గడిపి, 1994 డిసెంబరులో 216 స్థానాలతో తిరిగి వచ్చారు. ఆ పదవి 1995లో ఎలా పోయిందో అందరికీ తెలిసిందే, అది ఓటర్లు చేసిన పని కాదు.

1996 జనవరి 18న ఆయన పోయేనాటికి హిందూపురం శాసనసభ్యులే. ఆ ఏడాదే అక్కడ ఉప ఎన్నిక జరిగి కుమారుడు హరికృష్ణ గారు గెలిచారు. ఒకరు రెండు స్థానాలకు మించి పోటీ చేయరాదని చట్టం సవరించినదీ 1996లోనే. మూడు నామినేషన్లు వేసే రోజులు అలా పోయాయి, రెండు మాత్రం ఇప్పటికీ వేయవచ్చు.