పడవలో ఖాళీ చోటు

(రేడియో ప్రసంగ పాఠము)

 

కడప జిల్లా నుండి ఒక తమ్ముడు ఉత్తరము వ్రాశాడు. ఉద్యోగము పని మీద అతడు పోర్చుగల్ దేశములోని లిస్బన్ నగరానికి వెళ్ళి వచ్చాడట. అక్కడ టాగస్ అనే పెద్ద నది ఊరిని ఆనుకొని ప్రవహిస్తుంది. సాయంకాలము ఒక్క కుటుంబమే తెరచాప పడవను మాట్లాడుకొని, సూర్యుడు అస్తమించేదాకా నది మీద తిరిగి వచ్చే ఏర్పాటు అక్కడ ఉంది. అది చూసినప్పుడు అతనికి తన తల్లిదండ్రులు జ్ఞాపకము వచ్చారు. వారి పెళ్ళయి 40 సంవత్సరాలు నిండుతున్నాయి. వారిద్దరికీ మన ప్రాంతములోనే అటువంటి ప్రయాణమొకటి ఏర్పాటు చేయాలని ఆశపడ్డాడు. తండ్రికి చెబితే ఆయన ఏమన్నాడో తెలుసా? "నీళ్ళ మీద తిరిగేదానికి ఇంత దుడ్డు తగలేస్తావా? ఆ దుడ్డుతో చీనీచెట్లకు నాలుగు ట్యాంకర్లు తోలించొచ్చు" అన్నాడట. "అయ్యగారూ, నేను చేయాలనుకున్నది తప్పా?" అని ఆ తమ్ముడు అడుగుతున్నాడు.

ఆ తండ్రి మాటను తేలికగా తీసివేయకండి. మనము నీళ్ళను చూసి మురిసిపోయేవారము కాము, లెక్కపెట్టుకొనేవారము. బిందెలతో లెక్కపెట్టాము, బోరు ఎన్ని అడుగులు పడిందో లెక్కపెట్టాము, ట్యాంకర్లతో లెక్కపెట్టాము. వేసవిలో కర్నూలు వంతెన మీద నిలబడి తుంగభద్రను చూడండి. బండలు కనబడతాయి, మడుగులు కనబడతాయి. అదే నది 2009 అక్టోబరు 2న హంద్రీతో కలిసి పట్టణములోనికి వచ్చింది. ఆ రోజులలో కర్నూలు వీధులలోనే పడవలు తిరిగాయి. అవి విహారానికి వచ్చిన పడవలు కావు, మేడల మీద చిక్కుకున్నవారి కోసము వచ్చిన పడవలు. మనకు నది అంటే ఒక సంవత్సరము కరువు, ఒక సంవత్సరము ముంపు.

అయినా మన గడ్డకు పడవ కొత్తది కాదు. సుమారు 1520లో, శ్రీకృష్ణదేవరాయల కాలములో, డొమింగో పాయిష్ అనే పోర్చుగీసువాడు విజయనగరానికి వచ్చాడు. పెద్ద తెరచాప ఓడలు కట్టే దేశము అతనిది. అతడు తుంగభద్ర మీద మన పుట్టిని చూసి ఆశ్చర్యపడ్డాడు. గంపలా గుండ్రముగా, లోపల బెత్తము, బయట తోలు. అందులో మనుషులే కాదు, గుర్రాలు, ఎద్దులు కూడా దాటుతాయని వ్రాశాడు. అది గిరగిర తిరుగుతూనే ముందుకు పోతుందనీ వ్రాశాడు. ఆ మాట నిజమని పుట్టి ఎక్కినవారందరికీ తెలుసు. పుట్టికి ముందు వెనుకలు లేవు. తెడ్డు పట్టినవాడు ఉంటేనే దానికి దారి.

మీరు రోజూ చూసే కె.సి. కాలువ సంగతి కూడా వినండి. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలు మీదుగా కడప దాకా సుమారు 300 కిలోమీటర్ల కాలువ పని చేపట్టింది. అది పైరుకు నీళ్ళిచ్చే కాలువగా మాత్రమే ఉద్దేశించినది కాదు, పడవలు నడిచే దారిగా కూడా దానిని తలపెట్టారు. కర్నూలులో హంద్రీ నదికి పైన వంతెన కట్టి, దాని మీదుగా కాలువను దాటించారు. కింద ఒక నది, పైన పడవ పోయే నీళ్ళు! కంపెనీ అనుకున్న లాభము రాలేదు. 1882లో ప్రభుత్వము కాలువను కొనివేసింది. కాలక్రమములో పడవల మాట మరుగున పడింది. నీళ్ళు మాత్రము మిగిలాయి. ఆ నీళ్ళతో పండిన అన్నము ఇవ్వాళ ఈ ప్రసంగము వింటున్నవారిలో ఎందరో తిన్నారు.

ప్రియులారా, ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పుకోవడానికి సిగ్గుపడే సంగతే. అయినా ఆ తమ్ముని ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది గనుక చెబుతున్నాను.

కొన్ని సంవత్సరాల క్రితము ఒక జనవరి నెలలో నేను, నా భార్య సంగమేశ్వరానికి వెళ్ళాము. శ్రీశైలం జలాశయము వెనుక నీళ్ళు నిండుగా ఉన్నాయి. అక్కడి పాత సంగమేశ్వరాలయము 1981 నుండి సంవత్సరములో చాలా నెలలు నీళ్ళలోనే ఉంటుంది, వేసవిలో నీటిమట్టము తగ్గినప్పుడు బయటపడుతుంది. మేము వెళ్ళినప్పుడు గుడి జాడ కూడా తెలియలేదు. సాయంకాలము నాలుగున్నర అయింది. ఒక ఇంజన్ బోటు మాట్లాడాను. "జనము వద్దు, మేమిద్దరమే. బోటు మొత్తానికి ఎంతో చెప్పు" అన్నాను. జీవితములో ఎన్నడూ భార్యను ఒక విహారానికి తీసుకొని పోనివాడను, ఆ ఒక్క సాయంకాలమైనా ప్రశాంతముగా ఉండాలనుకున్నాను.

మేము ఎక్కి కూర్చున్నాము. పదిమంది పట్టే బోటు. ఇంతలో ఒక అవ్వ పరుగున వచ్చింది. పక్కన స్కూలు సంచి తగిలించుకున్న మనవడు. "నాయనా, అద్దరికి పోవల్ల. నన్ను, ఈ పిల్లోన్ని ఎక్కించుకోండి" అని అడిగింది. బోటతను నా ముఖము చూశాడు. నా భార్య కూడా నా ముఖము చూసింది. నేను, "మేము మొత్తము మాట్లాడుకున్నామమ్మా. వేరే బోటు వస్తుందిలే" అన్నాను. బోటు కదిలింది.

సూర్యుడు దిగుతున్నాడు. నీళ్ళంతా కుంకుమ రంగు. అవతల నల్లమల కొండలు నీలముగా ఉన్నాయి. నిజముగా చూడదగిన దృశ్యమే. నది నడుమ అతడు ఇంజను ఆపివేశాడు. మాకు ఆ నిశ్శబ్దము చూపించడానికే ఆపాడనుకున్నాను. అతడు నీళ్ళలోనికి చూస్తూ, "మా ఊరు ఈడనే ఉండాది అయ్యగారూ, అడుగున" అన్నాడు.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. జలాశయము నిండే కాలానికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో సుమారు 100 గ్రామాలు ముంపులో పోయాయి. 1981లో ఇళ్ళు కూలగొట్టి జనాన్ని ఖాళీ చేయించారు. అప్పుడు ఇతడు చిన్నపిల్లవాడు. వాళ్ళ నాయన ఇంటి తలుపులు, దూలాలు పీకి బండికి ఎత్తుకున్నాడట. వాళ్ళవ్వ మాత్రము ఎండిపోయిన చింతచెట్టు కింద కూర్చొని ఎంతసేపటికీ లేవలేదట. "ఈ నీళ్ళు శానామందికి అన్నం పెడతాండాయి అయ్యగారూ. నేను గూడా దీని మీదనే బతుకుతాండ" అని చెప్పి ఇంజను వేశాడు. ఆ తరువాత నాకు సూర్యాస్తమయము కనబడలేదు.

ఒడ్డుకు వచ్చేసరికి మసక చీకటి. ఆ అవ్వ అక్కడే ఒక బండ మీద కూర్చొని ఉంది. పిల్లవాడు ఆమె ఒడిలో నిద్రపోతున్నాడు. వేరే బోటు రాలేదు. చీకటిలో దాటించడము ప్రమాదమని మా బోటతను చెప్పాడు. నేను జేబులో నుండి డబ్బు తీసి ఆమెకు ఇవ్వబోయాను. ఆమె తీసుకోలేదు. "దుడ్డు ఎందుకు నాయనా? చోటు అడిగితిని" అన్నది. ఆ బోటతను పిల్లవానిని భుజము మీద వేసుకొని, "ఈ రాత్రికి మా ఇంట్లో పండుకుందురు రా అవ్వా" అని ఆమెను పిలుచుకొని పోయాడు. ఊరు పోగొట్టుకున్నవాడు చోటు ఇచ్చాడు. ఎనిమిది ఖాళీ చోట్లు పెట్టుకొని తిరిగినవాడను నేను.

సహోదరులారా, మార్కు సువార్త 4వ అధ్యాయములో ఒక సాయంకాలపు పడవ ప్రయాణము ఉంది. పగలంతా బోధించి అలసిన మన ప్రభువు, ప్రొద్దు వాలిన తరువాత శిష్యులతో అద్దరికి బయలుదేరాడు. తుపాను సంగతి మనకందరికీ తెలుసు. ఆయన నిద్రపోయిన సంగతీ తెలుసు. అయితే ఆ వాక్యభాగములో మనము గమనించక దాటిపోయే సంగతి ఒకటి ఉంది. ఆయన పడవ వెంట మరికొన్ని పడవలు కూడా ఉన్నాయని మార్కు వ్రాశాడు. వాటిలో ఎవరున్నారో పేర్లు లేవు. గాలి ఆగినప్పుడు ఒక్క పడవకే ఆగిందా? నీళ్ళు నిమ్మళించినప్పుడు పేతురు కూర్చున్న పడవ చుట్టూ మాత్రమే నిమ్మళించాయా? ఆ పేరు లేని పడవలకు కూడా అదే నెమ్మది దొరికింది.

1986లో గలిలయలో కరువు వచ్చి సరస్సు నీరు బాగా తగ్గినప్పుడు, ఇద్దరు అన్నదమ్ములకు బురదలో ఒక పాత పడవ కనబడింది. పరీక్షించి చూస్తే అది ఇంచుమించు ప్రభువు కాలము నాటిది. పొడవు 8 మీటర్లకు కొంచెమే ఎక్కువ. కరువు వస్తే అడుగున ఉన్నది బయటపడుతుందని సంగమేశ్వరము చూసిన మనకు వేరే చెప్పనక్కరలేదు. అంత చిన్న పడవలో ఎంతమంది ఇరుక్కొని కూర్చున్నారో ఆలోచించండి.

ఇక తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు. నీవు తలపెట్టినది తప్పు కాదు. 40 సంవత్సరాలు ఎండలో పనిచేసిన తల్లిదండ్రులను ఒక సాయంకాలము చల్లగాలిలో కూర్చోబెట్టాలనుకోవడము మంచి కోరిక. తప్పక తీసుకొని వెళ్ళు. గండికోట మీకు దగ్గర. ఎర్రమల కొండలను కోసుకొని పారే పెన్నను మీ అమ్మ ఒక్కసారైనా చూడాలి. బోటు నడుస్తున్నదో లేదో ముందు విచారించుకో. నడవకపోతే కోట మీద నుండి చూపించు.

పడవ ఎక్కితే మాత్రము జాగ్రత్తగా ఉండు. 2019 సెప్టెంబరు 15న గోదావరి మీద, కచ్చులూరు దగ్గర, పాపికొండలు చూడబోయిన బోటు మునిగి దాదాపు 50 మంది చనిపోయారు. వారూ మనవలె సంతోషముగా బయలుదేరినవారే. ఒడ్డున ఉన్న గిరిజనులు చిన్న పడవలు వేసుకొని పోయి కొందరిని కాపాడారు. అందుచేత అనుమతి ఉన్న బోటే ఎక్కండి. ఉక్కగా ఉన్నా, ఫోటో బాగా రాకపోయినా లైఫ్ జాకెట్ విప్పకండి. గాలి లేచినా, నది పోటు మీద ఉన్నా ప్రయాణము మానుకోండి. చీకటి పడకముందే ఒడ్డు చేరండి. చివరి వెలుగు గట్టు మీద కూర్చొని చూస్తే ఏమీ తక్కువ కాదు.

మీ నాన్నగారి మాట కూడా తోసివేయకు. ట్యాంకర్లు కూడా తోలించు. చీనీచెట్లు ఎండుతుంటే ఆయన మనస్సు పడవలో నిలువదు. ఆయన అప్పటికీ రానంటే బలవంతము చేయవద్దు. సాయంకాలము కె.సి. కాలువ గట్టు మీద ఇద్దరినీ కూర్చోబెట్టి, ఫ్లాస్కులో టీ తీసుకొని పో. ఫోను జేబులో పెట్టుకొని, "నాన్నా, నీ చిన్నప్పుడు కాలువకు నీళ్ళు వదిలిన రోజు ఎట్లుండేది?" అని అడుగు. ఆయనే చెబుతాడు. ఆయనకు కావలసినది పడవ కంటే ముందు నీ సాయంకాలము.

ఒకవేళ పడవ ఎక్కితే, ఒడ్డున ఎవరైనా నిలబడి ఉన్నారేమో ఒకసారి వెనుకకు తిరిగి చూడు. నేను చూడలేదు. ఆ అవ్వ పేరు నాకు తెలియదు, మరల ఆమె కనబడలేదు. తరువాత రెండుసార్లు ఆ రేవుకు వెళ్ళాను. ఈ ప్రసంగము ఆమె వింటున్నట్లయితే, అమ్మా, నన్ను క్షమించు.

ప్రార్థన చేసుకుందాము. ప్రభువా, మా ఎండిన నేలకు వానలు దయచేయుము. నీళ్ళ కింద ఊళ్ళు పోగొట్టుకున్నవారిని మేము మరువకుండ చేయుము. మా పడవలో చోటు ఉండగా లేదని చెప్పే మనస్సును మా నుండి తీసివేయుము. మా తల్లిదండ్రుల సాయంకాలములో వారి పక్కన కూర్చొను ఓపికను మాకు అనుగ్రహించుము. ఆమేన్.