అరువదియెనిమిదవ యేట సముద్రము దాటిన నర్సు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగపాఠము)



రజతోత్సవ మనగా ఇరువదియైదు సంవత్సరముల నిలకడకు జరుగు పండుగ. గ్రంథాలయమునకు గోడలకంటెను బీరువాలకంటెను ముఖ్యమైనది ప్రతిదినము వేళకు తలుపు తెఱచు చేయి. ఆ చేతిని గూర్చి ఎవరును కావ్యములు వ్రాయరు. రోగి మంచముకడ రాత్రులు మేల్కొను చేతిని గూర్చియు అంతే. అట్టి యొక చేతి కథయే నేటి ప్రసంగ విషయము. ఆమె తెలుగువనిత కాదు, భారతీయురాలును గాదు. అమెరికా దేశమున ఒక పల్లెటూరి నర్సు; నలుగురు బిడ్డల తల్లి; వార్ధక్యమున భారతదేశమునకు వచ్చి రోగులకు ఊడిగము చేసిన స్వచ్ఛందసేవిక. ఆమె పేరు లిలియన్ కార్టరు.

ఆమె 1898వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన జార్జియా రాష్ట్రమందలి రిచ్‌లండు అను చిన్న యూర జన్మించెను. తండ్రి పోస్టుమాస్టరు. మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1917లో, సైన్యమున నర్సుగా చేరుటకు ముందుకు వచ్చెను గాని ఆ యేర్పాటు రద్దగుటచే పోస్టాఫీసు పనిలో ప్రవేశించెను. 1920లో ప్లెయిన్స్ అను గ్రామమునకు పోయి అచటి ఆసుపత్రిలో శిక్షణకు చేరి, 1923లో అట్లాంటా నగరమందలి గ్రేడీ ఆసుపత్రిలో నర్సువిద్య ముగించెను. ఆ యేటనే ఎర్ల్ కార్టరు అను నాతనిని వివాహమాడెను. 1924లో పెద్దకుమారుడు జిమ్మీ పుట్టెను. పిమ్మట ఇద్దరు కుమార్తెలు, 1937లో కడపటి కుమారుడు.

ఎఱ్ఱనేల, ప్రత్తి, వేరుసెనగ: ఈ మూడింటిని ఎఱిగిన తెలుగు రైతునకు ఆ సీమ క్రొత్తగా తోపదు. అచటి దురాచారమును క్రొత్తగా తోపదు. ఆ కాలమున నల్లజాతివారికి బడులు వేఱు, ప్రార్థనాలయములు వేఱు. తెల్లవారి యింట వారు ముందు తలుపున ప్రవేశింపరాదు. ఊరి బావికడ అంటు పాటించిన దేశమువారికి ఇది విప్పి చెప్ప నక్కఱలేదు.

కార్టరు కుటుంబము నివసించిన ఆర్చరీ అను పల్లెలో ఇరుగుపొరుగువారు చాలవఱకు నల్లవారే. లిలియన్ వారి యిండ్లకు పోయి రోగులకు ఉపచారము చేసెను. డబ్బు లేనివారు కోడినో గ్రుడ్లనో తెచ్చి యిచ్చిరి. అవియు లేనివారికి ఆమె సేవ మానలేదు. నల్లజాతి అతిథి వచ్చినచో ముందు తలుపుననే లోనికి ఆహ్వానించెను. భర్తకు ఇది రుచింపకున్నను ఆ పద్ధతిని విడువలేదు. భాగవతమందలి రంతిదేవుడు తాను దప్పికతో నుండియు, దాహార్తుడై వచ్చినవాని కులమడుగక చేతనున్న నీరు పోసెను. పురాణమున చదివి కన్నీరు పెట్టుట సులభము. పొరుగిండ్లవారందఱు చూచుచుండగా చేయుట కష్టము.

అయితే ఈ సేవకు మూల్యము చెల్లించినవారు కొందఱు గలరు. వారు ఆమె బిడ్డలే. రాత్రింబవళ్ళు రోగులకడ నుండవలసివచ్చుటచే ఆమె ఇంటి ముందుగదిలోని చిన్న నల్లబల్లపై బిడ్డలకు చీటీలు వ్రాసిపెట్టి పోయెడిది. పెద్దవారైన పిదప బిడ్డలు ఆ బల్లయే తమకు తల్లియని పరిహాసమాడిరి. అది పరిహాసమే గాని అందులో ఒక చిన్న ముల్లు లేకపోలేదు. పరుల తల్లులను కాచు స్త్రీ తన బిడ్డలకు కొంత దూరమగును. మహనీయుల చరిత్రలలో ఈ మాటను దాచుట న్యాయము కాదు.

ఆ లోటునకు బదులుగా ఆ తల్లి బిడ్డలకు ఒక సొత్తు నిచ్చెను. భోజనపు బల్లకడ సయితము ఆమె పుస్తకము చదివెడిది, బిడ్డలును చదివెడివారు. గ్రంథాలయ చందాదారులకు ఇది సంతోషవార్త; వంటింటివారి అభిప్రాయము మాత్రము వేఱుగా నుండవచ్చును!

1953లో భర్త మరణించెను. బిడ్డలు ఎదిగిరి. ఇక కుర్చీలో కూర్చుండి కాలము గడుపుటయే మిగిలినదని లోకము తలచు వయస్సు. అట్టి సమయమున, పీస్ కోర్ అను అమెరికా శాంతిదళములో చేరుటకు వయస్సు అడ్డము కాదను ప్రకటనను ఆమె టెలివిజనులో చూచెను. వెంటనే దరఖాస్తు పెట్టెను. చికాగోలో శిక్షణ పొంది, మరాఠీభాష కొంత నేర్చి, 1966లో, అరువదియెనిమిదవ యేట, బొంబాయి చెంతనున్న విక్రోలికి వచ్చెను. మొదట కుటుంబనియంత్రణ ప్రచారమునను, తరువాత గోద్రెజ్ కార్మికుల కాలనీ వైద్యశాలయందును పనిచేసెను.

ఆ వైద్యశాలకు ఒకనాడు కుష్ఠురోగముతో నొక చిన్నపిల్ల వచ్చెను. నలువదియేండ్లకు పైబడి నర్సైన లిలియన్ వెనుకకు తగ్గెను. ఈమెయే చూడవలెనని వైద్యుడు చెప్పగా, ముఖమునకు గుడ్డ కట్టుకొని త్వరత్వరగా సూదిమందు వేసి, చాటునకు పోయి ఒడలు ఎఱ్ఱబారునట్లు తోముకొనెను. వారము వారము ఆ పిల్ల వచ్చెను. వారము వారము ఈమె భయపడుచునే వైద్యము చేసెను. క్రమముగా పుండ్లు మానసాగెను, భయము తగ్గసాగెను. నాలుగు మరాఠీమాటలు, ఒక చిఱునవ్వు, చేతిలో చేయి. కడకు ఆ పిల్లను ముద్దాడునంతటి ప్రేమ కలిగెను. పెద్దకుమారుడు 1995లో ప్రకటించిన తన కవితాసంపుటమున ఈ వృత్తాంతమును చెప్పియున్నాడు. నేడు కుష్ఠు మందులచే పూర్తిగా నయమగు రోగము. కాని రోగిని చూచి తొలగిపోవు మనస్సునకు మందు ఆ చిన్నపిల్ల నేర్పినదే.

ఆమె కథలో సారమిదియే. కరుణ పుట్టుకతో వచ్చు నగ కాదు. భయపడుచునే మరల మరల చేయి చాచుటచే అది అలవడును.

విక్రోలిలో ఒక తోటమాలి ఆమెకు కూరగాయలు తెచ్చియిచ్చుచుండగా, అందుకు బదులుగా అతని కూతురికి చదువు నేర్పెను. 1968లో స్వదేశమునకు మరలెను. అచటినుండి ఇంటికి వ్రాసిన లేఖలు 1977లో పుస్తకముగా వెలువడినవి. ఆ యేడే జిమ్మీ కార్టరు అమెరికా అధ్యక్షుడయ్యెను. ఫిబ్రవరిలో భారత రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహమ్మదు దివంగతులు కాగా, అంత్యక్రియలకు అమెరికా పక్షమున ఆమెయే వచ్చెను. ఆ ప్రయాణమున విక్రోలిని మఱువక మరల దర్శించెను.

1983లో, కుమార్తె రూత్ మరణించిన యొక నెలకే, అక్టోబరు 30వ తేదీన, ఎనుబదియైదవ యేట లిలియన్ కన్నుమూసెను. ఏబదియేండ్లు దాటి శాంతిదళమున సేవచేసినవారికి ఆమె పేర ఒక పురస్కారము నెలకొల్పబడినది.

సభాసదులారా! ప్రతి యూరను పనినుండి విరమించి అరుగుపై కూర్చున్న పెద్దలు గలరు. అక్షరము రాని పిల్ల యొకతె, పలుకరించువారు లేని రోగి యొకడు ఆ యరుగునకు నాలుగిండ్ల దూరముననే యుందురు. లిలియన్ సముద్రము దాటెను. ఇచట దాటవలసినది వీధి మాత్రమే.

స్వస్తి.